చుక్కల చేపల మధ్య అద్దం

ఈ మధ్య ఇళ్ళలో గాజు తొట్టెలు పెట్టి సముద్రపు చేపలు పెంచే సరదా మా నెల్లూరికి కూడా వచ్చింది. ఉప్పు పొట్లాల్లో వస్తుందట, దాన్ని కుళాయి నీళ్ళలో కలిపితే సముద్రం తయారవుతుందట. నా సర్వీసంతా సముద్రంలోంచి ఉప్పు తీయించడంతో సరిపోయింది. ఇప్పుడు నీళ్ళలో ఉప్పు పోసి సముద్రాన్ని చేసే కాలం చూస్తున్నాను, సంతోషం. నేను ఒకప్పుడు అలాంటి తొట్టె చూసుకున్నానని ఎవరు చెప్పారో గాని, ఆ సరదా ఉన్న కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. అందరిదీ ఒకటే గోడు. "జంట అని చెప్పి ఇచ్చాడండీ. తెచ్చి వేస్తే ఒకటి రెండోదాన్ని బతకనివ్వడం లేదు. ఏం చేయమంటారు?"

వేరు చేయండి అంటాను. ఆ మాట వాళ్ళకు రుచించదు. రెంటినీ కలిపి ఉంచే ఉపాయం ఏదైనా ఉందా అని అడుగుతారు. ఉపాయం ఉంది. నాకు తెలుసు. అది ఎలా పనిచేస్తుందో దగ్గరుండి చూశాను కాబట్టే ఎవరికీ చెప్పను. ఎందుకు చెప్పనో ఇక్కడ రాస్తున్నాను. ఇందులో చేపల కంటే మనుషులు ఎక్కువ వస్తారు, కాస్త ఓపిక పట్టాలి.

అరవైల మొదట్లో, అల్లూరుకు తూర్పున సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఉప్పు కొటారులో నేను గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. కొటారు అంటే ఉప్పు పండే కయ్యలు, పండినదాన్ని పోసే కుప్పలు, ఆ కుప్పల మీద కావలి, ఆ కావలి మీద ఒక ఆఫీసు, అన్నీ కలిపి. చెట్టూ చేమా లేని నేల. కళ్ళు తెరిస్తే తెల్లగా ఉప్పు, మూసుకుంటే ఎర్రగా ఎండ. తాగే నీళ్ళు పీపాల్లో బండి మీద వచ్చేవి. సాయంత్రమైతే మాట్లాడుకోవడానికి ఒకరికొకరం తప్ప దిక్కు లేదు. అందుకనే అక్కడ స్నేహాలూ తగాదాలూ రెండూ మామూలు ఊళ్ళలో కంటే చిక్కగా ఉండేవి.

మా ఆఫీసరుగారు మంచివాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివాక చెబితే మీరు నమ్మరు. మద్రాసులో చదువుకొని వచ్చిన మనిషి. ఎవరినీ నోరు జారి ఒక మాట అని ఎరగడు. ఉప్పు గంపలు మోసే ఆడవాళ్ళకు మధ్యాహ్నం మజ్జిగ పోయించిన ఆఫీసరును నా సర్వీసులో ఆయన్నొక్కణ్ణే చూశాను. ఆయనకున్న జబ్బల్లా ఒకటే. ఏదైనా పుస్తకం చదివాడంటే, ఆ పుస్తకం పూర్తయ్యేదాకా లోకమంతా అందులో రాసినట్టే కనపడేది. కోళ్ళ పెంపకం మీద చదివినప్పుడు ఆఫీసులో మా కుర్చీలన్నీ గాలి తగిలేట్టు దూరం దూరం జరిపించాడు.

ఆ ఏడాది చేపల పుస్తకం వచ్చింది. నెల్లూరులో ఒక సాయిబు చేత ఇనుప చట్రానికి గాజు పలకలు బిగించి తొట్టె చేయించి బంగళా వరండాలో పెట్టించాడు. సముద్రం ఎదురుగానే ఉంది కనుక నీళ్ళకు లోటు లేదు. ఉప్పు కాలువలో జాలర్లు పట్టిన వాటిలోంచి రెండు చేపల్ని ప్రాణంతో తెప్పించాడు. అరచేతి వెడల్పున ఉండి, పచ్చటి ఒంటి మీద ముత్యాలు చల్లినట్టు చుక్కలు. మేం చుక్కల చేపలు అనేవాళ్ళం. రెండూ ఒకే రాయి పక్కన తిరుగుతుంటే పట్టామని జాలరి చెప్పాడు కాబట్టి అవి జంట. పెద్దది మగది, చిన్నది ఆడది అని ఆఫీసరుగారు తీర్పు చెప్పాడు. చేపలు కాదనలేదు.

నాకు పెళ్ళి కాలేదు, బంగళా వెనక గదిలో ఉండేవాణ్ణి. అందువల్ల ఆ తొట్టె నా నెత్తిన పడింది. పొద్దున్నే పాత నీళ్ళు సగం తోడెయ్యాలి, కొత్త నీళ్ళు పోయాలి, రొయ్య పొట్టు చిదిమి వేయాలి. కయ్యల్లో ఉప్పు నీటి చిక్కదనం చూసే గాజు గొట్టాన్ని ఆఫీసరుగారు ఆ తొట్టెలో వదిలి రోజూ పరీక్ష చేసేవాడు. సర్కారు నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు ఈ పని గురించి చెప్పలేదు గాని, కయ్యల కంటే ఆ తొట్టె దగ్గరే చల్లగా ఉండేది.

కొన్నాళ్ళు రెండూ కలిసే తిరిగాయి. తర్వాత పెద్దది ఒక మూల పడున్న కుండపెంకును తన సొత్తు చేసుకుంది. చిన్నది అటు పోతే తరిమేది. పోనీలే అనుకుంటే, ఇంకొన్నాళ్ళకు తొట్టెలో సగం తనది అయింది, ఆ తర్వాత అంతా తనదే అయింది. కొరకడం తక్కువ, వెంటపడడం ఎక్కువ. చిన్నది ఏ మూలకు పోయినా అక్కడ నిలబడనిచ్చేది కాదు. కాలువలో అయితే ఓడిన చేప పారిపోతుంది, తగాదా అక్కడితో సరి. గాజు తొట్టెలో ఎంత పారిపోయినా తిరిగి తిరిగి అక్కడికే రావాలి. ఆఫీసరుగారు పుస్తకం తిరగేసి, తొట్టె మధ్యకు సరిగ్గా సరిపోయేట్టు, అవతలిది కనపడే గాజు అద్దం ఒకటి కోయించి దింపించాడు. ఒకదాన్నొకటి చూసుకుంటూ అలవాటు పడతాయి, కొన్నాళ్ళకు అద్దం తీస్తే కలిసిపోతాయి అని అందులో ఉందట.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా జవాన్ల గొడవ వచ్చింది.

ఉప్పు కుప్పకు ఒక్క జవానును కాపలా వేయకూడదని మా దగ్గర ఆచారం. ఒక్కడైతే దొంగతో స్నేహం చేస్తాడు, ఇద్దరైతే ఒకడి మీద ఒకడికి కన్ను ఉంటుంది. సాయంత్రం కుప్పను చదును చేసి, పైన తడిపి, చెక్క పలకతో చుట్టూ ముద్రలు అద్దేవాళ్ళు. పొద్దున్నకు ముద్ర చెరిగి ఉంటే ఎవరో ఉప్పు ఎత్తారన్న మాట. ముందు చూసినవాడు వచ్చి చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ దొంగల కింద లెక్క. అంటే ఇద్దరిని జోడీ కట్టి, ఒకడు రెండోవాణ్ణి పట్టిస్తాడన్న ధీమా మీద నడిచిన కొలువు మాది. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడికి ఇంట్లో ఎలా జరిగేదో నాకు తెలియదు.

ఆ జోడీల్లో ఒక జోడీ తోడల్లుళ్ళు. అక్కాచెల్లెళ్ళను చేసుకున్నారు, ఒకే వాకిట్లో ఎదురెదురు ఇళ్ళు. ఆదివారం రెండు కుటుంబాలూ కలిసి చర్చికి నడిచి వెళుతుంటే దారి నిండిపోయేది. మమ్మల్ని ఒకే కుప్పకు వేయండి అని వాళ్ళే అడిగి వేయించుకున్నారు. పెద్దల్లుడు సన్నటి మనిషి, నిదానస్తుడు. నడుము పటకాకున్న ఇత్తడి బిళ్ళను రోజూ చింతపండు పెట్టి తోముకునేవాడు. చిన్నల్లుడు ఎద్దులాంటివాడు, నవ్వితే కొటారంతా వినపడేది. బండి బురదలో దిగబడితే ఎడ్లను విప్పేసి తానే భుజం పెట్టేవాడు.

ఒకనాడు చిన్నల్లుడి బిడ్డకు జ్వరం తగిలింది. "నువ్వు ఇంటికి పో, నేను చూసుకుంటా" అని పెద్దల్లుడే పంపించాడు. తెల్లవారేసరికి కుప్ప మీద ముద్ర చెరిగి ఉంది. నియమం ప్రకారం పెద్దల్లుడు ఆఫీసుకు వచ్చి చెప్పాడు. ఖర్మకొద్దీ ఆ రోజు పై అధికారి క్యాంపు. రెండోవాడేడీ అని ఆయన అడిగాడు. అబద్ధం చేతకాని మనిషి ఉన్నమాట చెప్పాడు. ముద్ర చెరిపింది నక్క అని, కాలి జాడలు చూసి మా జమేదారు ఆ పూటే తేల్చాడు. అయినా కాపలా వదిలిపోయిన నేరం ఎక్కడికి పోతుంది? చిన్నల్లుడి పటకా, బిళ్ళ తీయించి ఆఫీసు ముందర ఎండలో నిలబెట్టారు. గంపలు మోసే ఆడవాళ్ళందరూ ఆ పక్కనుంచే పోవాలి. వాళ్ళలో అతని పెళ్ళాం కూడా ఉంది.

ఆ తర్వాత అతను అరవలేదు, తిట్టలేదు. మాట మానేశాడు, అంతే. పెద్దల్లుడు పలకరిస్తే గోడను చూసినట్టు చూసేవాడు. ఒక సాయంత్రం నీళ్ళ పీపా దగ్గర పెద్దల్లుడి గొంతు పట్టుకున్నాడు. నలుగురు పడి విడిపించాల్సి వచ్చింది.

జమేదారు అంటే జవాన్లకు పెద్ద. నెల్లూరు ముస్లిము, కొటారులోనే తల నెరిసినవాడు. మర్నాడు ఆయన ఆఫీసరుగారి దగ్గరికి వెళుతూ నన్నూ తోడు రమ్మన్నాడు.

"వాళ్ళిద్దర్నీ విడగొడదామయ్యా. ఒకణ్ణి ఈడే ఉంచి ఇంకొకణ్ణి దక్షిణపు కుప్పలకేస్తే సరిపోద్ది."

"విడదీస్తే పగ అలాగే నిలిచిపోతుంది, జమేదారుగారూ. కలిపి ఉంచితేనే చల్లారేది. ఇటు రండి, మీకొకటి చూపిస్తాను."

తొట్టె దగ్గరికి తీసుకుపోయి అంతా వివరించాడు. అద్దానికి ఇటు పెద్దది, అటు చిన్నది, ముఖాలు ఎదురెదురుగా పెట్టి నిలబడి ఉన్నాయి. మొన్నటిదాకా ఇది దాన్ని బతకనిచ్చేది కాదని, ఇప్పుడెంత శాంతంగా చూసుకుంటున్నాయో చూడమని అన్నాడు.

"చేపల సంగతి నాకు తెలవదు," అన్నాడు జమేదారు. "మనుషులు చేపలు గాదు గదయ్యా."

"మనుషులకైతే తెలివి కూడా ఉంటుంది. ఇంకా తొందరగా కలుస్తారు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నవాడితోనైనా వాదించవచ్చు. పుస్తకంలో చదివి, కళ్ళతో చూసి, మనసులో మంచి పెట్టుకొని చెప్పేవాడితో వాదించలేం. ఆయన ఆలోచన ఇదీ. ఇద్దరినీ అందరికంటే దూరంగా, ఉప్పు కాలువ సముద్రంలో కలిసే చోట ఉన్న చివరి కుప్పకు పంపడం. ఇక్కడుంటే నలుగురూ నవ్వుతారు, గుచ్చి గుచ్చి అడుగుతారు, గాయం మానదు. అక్కడ గుడిసె మధ్యలో తాటాకు తడిక కట్టించి చెరో సగం ఇవ్వడం. కొన్నాళ్ళు అలా గడిచాక తడిక తీసేయడం. చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ చివరి కుప్ప దగ్గర, సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ బురదలో నడిచి ఇవతలికి రావచ్చు. పోటు వేళ చుట్టూ నీళ్ళు, పడవ లేకుండా రాలేరు. అది మాకందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. తొట్టెకు నాలుగు వైపులా గాజు ఉన్న సంగతి తెలిసినట్టే.

వాళ్ళు బయలుదేరే ముందు రోజు పెద్దల్లుడి భార్య బంగళాకు వచ్చింది. అక్కాచెల్లెళ్ళలో ఈమె అక్క. నెత్తి మీద చుట్టకుదురు కూడా తీయకుండా కయ్యల్లోంచి నేరుగా వచ్చి మెట్ల కింద నిలబడింది.

"అయ్యా, మా ఆయన్ని ఆడికి పంపబాకండి."

"ఎందుకమ్మా?"

"మా మరిది చెడ్డోడు గాదు. మంచోడికి కోపమొస్తే శానా దినాలుంటాది. నేనూ మా చెల్లెలూ ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళం అయ్యా. ఇప్పుడు రెండు పొయ్యిలైనాయి. బిడ్డల్ని గూడా ఇటు రానీదు."

ఆఫీసరుగారు ఆమెను వరండా మీదికి రమ్మన్నాడు. ఆమె సందేహిస్తుంటే తానే మెట్లు దిగి పిలుచుకొచ్చాడు. తొట్టె చూపించి, ఈ రెండింటి మధ్య ఏముందో కనపడుతుందా అని అడిగాడు. నీళ్ళే గదా దొరా అంది. ఆయన అద్దం పై అంచును వేలితో టకటకా కొట్టాడు.

"అద్దం. కంటికి కనపడదు గాని ఉంటుంది. ఇది ఉన్నంతసేపూ ఆ పెద్దది చిన్నదాన్ని తాకను కూడా లేదు. మీ ఆయనకూ మీ మరిదికీ మధ్య ఇలాగే అడ్డం పెట్టిస్తున్నాను. నేను చూసుకుంటాను."

ఆమె చాలాసేపు వంగి చూసింది. పెద్ద చేప ఒకసారి ముందుకు దూకి అద్దానికి ముక్కు తగిలి ఆగిపోయింది. ఆమె ఉలిక్కిపడి, ఆ తర్వాత కొంచెం నవ్వింది.

"అది ఉంటాదా అయ్యా?"

"ఉంటుంది."

"ఉంటే చాలు," అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

వారానికోసారి జమేదారు పడవ మీద వాళ్ళకు మంచినీళ్ళ పీపా, బియ్యం తీసుకుపోయేవాడు. తిరిగొచ్చి చెప్పేది ఎప్పుడూ ఒకటే. మాటల్లేవు, ఎవరి కుండ వాళ్ళది, తడికకు అటొకడు ఇటొకడు. కొట్టుకోవడం లేదు కదా అని ఆఫీసరుగారు అడిగేవాడు. లేదయ్యా అనేవాడు జమేదారు. ఆయనకు అది చాలు. ఇక్కడ తొట్టెలో కూడా అంతా నెమ్మదిగానే ఉంది. పెద్దది రోజంతా అద్దం పక్కనే నిలబడేది. చిన్నది తిండి తినడం మొదలుపెట్టింది, చిరిగిన తోక మళ్ళీ మొలిచింది.

వానలు మొదలయ్యే ముందు ఒకనాడు ఆఫీసరుగారు పుస్తకం మూసి, ఇక చాలు, రెండూ ఒకేరోజు తీసేద్దాం అన్నాడు. నేను అద్దం ఎత్తి గోడకు ఆనించాను. జమేదారు పడవేసుకొని పోయి తడిక విప్పి చుట్టచుట్టి తెచ్చాడు. తెచ్చి మా వాకిట్లో పడేస్తూ, "ఈయన ఆఫీసరా, పెళ్ళిళ్ళ పేరయ్యా, నాకు తెలవకుండా ఉండాది," అని గొణిగాడు. అయినా హుకుం హుకుమే. మా కొలువులో అనుమానం ఉన్నవాడు పని ఆపడు, గొణుగుతూ చేస్తాడు.

అద్దం తీయగానే పెద్దది చిన్నదాని మీదికి పోలేదు. తొట్టె చుట్టూ ఒకసారి మెల్లగా తిరిగి వచ్చింది. ఆ పూట రెండూ ఒకే చోట రొయ్య పొట్టు తిన్నాయి. ఆఫీసరుగారు తన చేత్తో మాకు కాఫీ ఇచ్చాడు. నేనూ సంతోషించాను, దాచుకోవడం ఎందుకు. నాలుగు రోజులు తిరక్కుండా చిన్నది మూలకు చేరింది. నీటి పైకి వచ్చి, గాజుకు ఒరుసుకొని, ఒక పక్కకు వాలి నిలబడేది. తోక మళ్ళీ పీలికలైంది. వేరే తొట్లో వేస్తానండీ అన్నాను.

"తొందరపడకు. ఇప్పుడు విడదీస్తే అంతా మొదటికొస్తుంది. సర్దుకుంటుంది," అన్నాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. మా తొట్టెలో పిల్లి ఎవరో నాకప్పుడు సరిగ్గా తెలిసినట్టు లేదు. చేపను చూసి కోపం తెచ్చుకున్నాను.

ఆ వారం జమేదారు తిరిగొచ్చి నిలబడ్డ తీరు వేరుగా ఉంది. పెద్దల్లుడు ముసురులో, నెత్తిన గోనెసంచి కప్పుకొని, కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడట. లోపలికి పోకుండా ఇక్కడెందుకు కూర్చున్నావురా అంటే, లోపల ఉక్కగా ఉండాదన్నా అన్నాడట. కార్తీకమాసంలో, సముద్రపు గాలిలో, ఉక్క.

"నాతో వచ్చెయ్ అని చెప్పినానయ్యా," అన్నాడు జమేదారు. "ముద్ర వొదిలేసి వస్తే రేపు మళ్ళీ మామీదకే వస్తాది, హుకుం లేకుండా రాను అన్నాడు. మీరు ఒక మాట చెప్తే తీసుకొచ్చేస్తా."

ఆఫీసరుగారు తొట్టె వైపు చూశాడు. చిన్న చేప మూలన ఉంది. "అలవాటు పడుతున్నాడు," అన్నాడు. "ఇంకొక వారం చూద్దాం." ఆయన గొంతులో మునుపటి ధీమా లేదు. అది నేను గుర్తుపట్టాను. ధీమా పోయినా మాట మార్చుకోలేని స్థితి ఒకటి ఉంటుంది, అందులో ఉన్నాడాయన.

అమావాస్య వచ్చింది. ఈశాన్యపు గాలి, అమావాస్య పోటు కలిస్తే మావైపు కాలువలు కాలువల్లా ఉండవు. ఆ పొద్దున నేను నీళ్ళు మార్చడానికి వెళితే చిన్న చేప తొట్టె మూలన తేలుతోంది. పెద్దది పెంకు పక్కన తాపీగా ఉంది. చచ్చిన చేపను అరచేతిలోకి తీసుకొని చూస్తుండగా జమేదారు ఆఫీసు తాళాల కోసం వచ్చాడు. నా చేతిలోది అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాట్లు లేవే."

"లేవు. నిలబడనీలేదు, అంతే."

ఆయన ఆ చేపను నా చేతిలో పెట్టేశాడు. ఆ తర్వాత, "పడవ తీస్తుండా. వస్తావా అబ్బయా?" అన్నాడు.

"ఆఫీసరుగారిని అడగొద్దా?"

"అడిగితే మళ్ళీ చేపల్ని చూపిస్తాడు," అన్నాడు జమేదారు, అప్పటికే మెట్లు దిగుతూ.

చివరి కుప్ప చుట్టూ నీళ్ళు గట్టు దాకా ఉన్నాయి. గాలికి పడవను ఒడ్డుకు చేర్చడమే గగనమైంది. చిన్నల్లుడు గుడిసె గడపలో మోకాళ్ళు చుట్టుకొని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. పెద్దల్లుడు కనపడలేదు. వాన పడకుండా కుప్ప మీద కప్పిన తాటాకును జమేదారు ఎత్తి చూశాడు, ముద్రలన్నీ నిన్న అద్దినట్టే ఉన్నాయి. ముద్ర పలక మీద, మడిచిన నడుము పటకా ఉంది. దాని మీద బిళ్ళ. చింతపండుతో తోమిన బిళ్ళ, ఆ మబ్బులో కూడా మెరుస్తోంది. కొలువు అప్పజెప్పి పోయినవాడు పెట్టినట్టు పెట్టిపోయాడు.

"ఏడిరా వాడు?" అన్నాడు జమేదారు.

"పోయినాడు."

"ఏడికి?"

చిన్నల్లుడు కాలువ వైపు గడ్డం ఎత్తాడు. "పోటు ఎక్కతా ఉండంగానే దిగినాడు. ఆఫీసుకు పోయి చెప్పుకుంటా అన్నాడు. నేను చెయ్యి ఎయ్యలేదు, జమేదారూ. దేవుని మీద ఆన. ఒక్కనాడు గూడా చెయ్యి ఎయ్యలేదు."

"చెయ్యి ఎయ్యకపోతే అంత నీళ్ళల్లో ఎందుకు దిగతాడురా మనిషి?"

అతను మా ఇద్దరినీ కాక, మధ్యలో ఎక్కడో చూస్తూ చెప్పాడు.

"లోపలికి రానీలేదు. తడిక తీసినకాణ్ణించి."

జమేదారు అతన్ని కొట్టలేదు. కొడతాడనే అనుకున్నాను, కొట్టాలని నాకే అనిపించింది. ఆయన పటకాను బిళ్ళతో సహా చుట్టి తన చొక్కాలో పెట్టుకొని, పడవెక్కు అన్నాడు. తిరుగు దారిలో ముగ్గురమూ నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాం. చిన్నల్లుడు ఒకచోట ఏదో కనపడిందని లేచి దూకబోయాడు. అది కొట్టుకొస్తున్న తాటి మట్ట.

మర్నాడు కాలువ ముఖం దగ్గర జాలర్లకు దొరికాడు. ఒంటి మీద ఎవరి దెబ్బా లేదు. విచారణకు వచ్చినవాళ్ళు చిన్నల్లుణ్ణి అన్ని విధాలా అడిగారు, అతను మాకు చెప్పినదే చెప్పాడు. అందులో అబద్ధం లేదు. ఒకణ్ణి గుడిసెలోకి రానివ్వకపోవడం ఏ నేరమో వాళ్ళకూ తెలియలేదు. పోటు వేళ కాలువ దాటబోయి ప్రమాదవశాత్తు మునిగిపోయాడని తేల్చి, మా ఆఫీసులో భోంచేసి వెళ్ళారు. సమాధి దగ్గర పెట్టెను మోసిన నలుగురిలో చిన్నల్లుడు ఒకడు. పక్కకు తప్పుకో అని ఎవరూ అనలేకపోయారు, అన్నా అతను తప్పుకునేవాడు కాదు. ఎండలో నిలబెట్టిన రోజున కూడా రాని ఏడుపు అతనికి ఆ రోజు వచ్చింది. ఆ నెలలోనే కొలువు మానేసి పెళ్ళాం బిడ్డలతో కోవూరు వైపు కూలికి పోయాడని విన్నాను. వాకిట్లో రెండు పొయ్యిల్లో ఒకటి ఆరిపోయింది.

నేను తర్వాత చాలా కొటార్లలో పనిచేశాను, జవాన్లను జోడీలు వేసే పని నా చేతికే వచ్చిన కాలం కూడా ఉంది. పడని ఇద్దరు వచ్చి వేరు చేయండి అంటే కారణం అడిగేవాణ్ణి కాదు. కారణాలు ఎప్పుడూ నక్క కాలి జాడ అంతే ఉంటాయి. అడగాల్సింది కారణం కాదు, ఓడినవాడికి పోవడానికి చోటు ఉందా అని. ఇందుకు నాకు పిరికి ఆఫీసరని పేరు కూడా వచ్చింది. వచ్చింది, ఉంది, దాంతోనే రిటైరయ్యాను.

ఒక్కటి మిగిలింది. సమాధి అయిన కొన్నాళ్ళకు ఆ అక్క బంగళాకు వచ్చింది. మధ్యాహ్నపు వేళ. ఆఫీసరుగారు వరండాలోనే ఉన్నాడు. అప్పటికి ఆయన సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఆమెను చూసి లేచి నిలబడి, అమ్మా అని ఏదో మొదలుపెట్టాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఈసారి ఎవరూ పిలవకుండానే మెట్లెక్కి తిన్నగా తొట్టె దగ్గరికి వెళ్ళింది.

పెద్ద చేప ఒక్కటే తొట్టె ఈ చివరి నుంచి ఆ చివరికి పోతోంది, వస్తోంది. ఆమె వంగి దాన్నే చూసింది. తర్వాత రవికె చెయ్యి పైకి లాక్కొని, మోచేతి దాకా నీళ్ళలో పెట్టింది. ఈ గాజు పలక నుంచి ఆ గాజు పలక దాకా అరచేతిని నిదానంగా జరుపుతూ పోయింది. మళ్ళీ వెనక్కి తెచ్చింది. అడుగుదాకా దించి వెతికింది. కంటికి కనపడదు గాని ఉంటుందని ఆయన చెప్పాడు కదా, దానికోసం. చేప ఆమె చేతిని తప్పించుకుంటూ తిరిగింది. నేను గోడకు ఆనించిన అద్దానికి అడ్డంగా నిలబడ్డాను, ఆమెకు అది కనపడకూడదని ఎందుకనుకున్నానో తెలియదు.

చెయ్యి బయటికి తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఉంటాదన్నారే అయ్యా," అంది. "ఎవురు తీసినారు?"